పేగు వాపు జబ్బులో ప్రోబయోటిక్స్: ఎవరికి, ఏవి, ఎంత, ఎన్నాళ్లు

కొలొనోస్కోపీ రిపోర్టులో అల్సరేటివ్ కొలైటిస్ అనో, క్రోన్స్ అనో రాసి ఇచ్చిన వారం తిరక్కుండానే ఇంట్లోనో ఆఫీసులోనో ఎవరో ఒకరు "ప్రోబయోటిక్ వాడి చూడరాదూ, పేగుల్లో మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది" అంటారు. మెడికల్ షాపులో అడిగితే కౌంటర్ అవతలి అబ్బాయి మూడు రకాల శాషేలు, ఒక చిన్న ప్లాస్టిక్ వయల్ ముందు పెట్టి ఏది కావాలో మిమ్మల్నే తేల్చుకోమంటాడు. ఆ తేల్చుకోవడం ఎలాగో చెప్పడానికే ఇది రాస్తున్నా.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ప్రోబయోటిక్స్, అంటే మేలు చేస్తాయని తీసుకునే బతికున్న బ్యాక్టీరియా లేదా ఈస్ట్, ఉత్తుత్తివేం కాదు, అలాగని అసలు మందులకు బదులు కూడా కాదు. ఈ జబ్బులో కొన్ని రకాలకి, కొన్ని ప్రత్యేకమైన బ్యాక్టీరియా, మామూలుగా మనం ఊహించనంత పెద్ద మోతాదులో పనిచేశాయి. మిగతా చోట్ల చాలావరకు డబ్బు దండగ. కాబట్టి "ప్రోబయోటిక్ మంచిదా కాదా" అని అడిగితే జవాబు దొరకదు. ఎవరికి, ఏది, ఎంత, ఎన్నాళ్లు అని అడగాలి.

1. ముందు మీ జబ్బు ఏదో తేల్చుకోండి

ఐబీడీ (మనం చెప్పుకుంటున్న పేగు వాపు జబ్బు) వేరు, ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) వేరు. ఐబీఎస్‌లో కడుపునొప్పి, గ్యాస్, విరేచనాలో మలబద్ధకమో ఉంటాయి గానీ పేగులో పుండ్లు ఉండవు, రక్తం పడదు. ఐబీడీలో పేగు గోడ నిజంగానే వాచి పుండ్లు పడుతుంది. యూట్యూబ్‌లో ప్రోబయోటిక్స్ గురించి చెప్పేవాటిలో చాలా భాగం ఐబీఎస్ గురించే, దాన్ని ఐబీడీకి అంటగట్టుకోవద్దు.

ఐబీడీలో మళ్లీ ప్రధానంగా రెండు రకాలు. అల్సరేటివ్ కొలైటిస్ పెద్దపేగుకే పరిమితం, సాధారణంగా మలద్వారం దగ్గర మొదలై పైకి పాకుతుంది, పేగు లోపలి పొర వరకే పుండ్లు. క్రోన్స్ నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, మధ్యమధ్యలో బాగున్న భాగం వదిలేసి మచ్చలు మచ్చలుగా వస్తుంది, పేగు గోడ మొత్తం మందాన దిగుతుంది. ఈ తేడా ఎందుకు చెబుతున్నానంటే ప్రోబయోటిక్స్ ఫలితాలు ఈ రెంటిలో ఒకేలా లేవు.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. రక్తం పడగానే మొలలు అనుకుని ఆర్ఎంపీ దగ్గర పసరు మందో ఇంజెక్షనో వేయించుకుంటూ, లేదా అమీబా అని మెట్రోనిడజోల్ కోర్సు మీద కోర్సు వాడుతూ నెలలు గడిపేవాళ్లు కోకొల్లలు. పేగు టీబీ కూడా అచ్చం క్రోన్స్‌లాగే కనిపిస్తుంది, బయాప్సీ తీసినా ఒక్కోసారి ఏదో తేలదు. టీబీని క్రోన్స్ అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే కొంప మునుగుతుంది. అందుకే గ్యాస్ట్రోఎంటరాలజిస్టు జబ్బు పేరు ఖాయం చేయకముందు ఏ శాషే అయినా కొనడం తొందరపాటే.

2. మీ జబ్బుకి ఇప్పటిదాకా ఏం తేలిందో చూడండి

అల్సరేటివ్ కొలైటిస్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే కాస్త చెప్పుకోదగ్గ ఫలితాలు ఇందులోనే ఉన్నాయి.

ఒకటి ఇ. కోలి నిస్లే 1917. ఇ. కోలి అనగానే భయపడకండి, ఇది జబ్బు చేసే రకం కాదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, తోటి సైనికులకు విరేచనాలు పట్టుకున్నా తనకు మాత్రం ఏమీ కాని ఒక జర్మన్ సైనికుడి మలం నుంచి ఆల్ఫ్రెడ్ నిస్లే అనే డాక్టరు 1917లో వేరుచేసిన రకం. 2004లో వచ్చిన ఒక పెద్ద ట్రయల్‌లో జబ్బు అణిగి ఉన్న 327 మంది అల్సరేటివ్ కొలైటిస్ రోగుల్లో కొందరికి ఇది, కొందరికి మెసలమైన్ (ఈ జబ్బుకి మామూలుగా ఇచ్చే వాపు తగ్గించే మందు) ఏడాదిపాటు ఇచ్చారు. మెసలమైన్ వాళ్లలో 33.9 శాతం మందికి, నిస్లే వాళ్లలో 36.4 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. అంటే అణిగిన జబ్బును అణిగే ఉంచడంలో రెండూ ఇంచుమించు సమానం. మెసలమైన్ పడనివాళ్లకి ఇది నిజంగా పనికొచ్చే సంగతి. జర్మనీలో ముటాఫ్లోర్ పేరుతో దొరుకుతుంది, అక్కడున్న మన తెలుగువాళ్లు డాక్టర్ని అడిగి చూడొచ్చు.

రెండోది ఎనిమిది రకాల బ్యాక్టీరియా కలిపిన మిశ్రమం, వీఎస్‌ఎల్ 3 అనే పేరుతో దీని మీద పరీక్షలు జరిగాయి. ఇందులో మనకు దగ్గరి సంగతేమిటంటే ఒక ముఖ్యమైన ట్రయల్ మన దేశంలోనే, లూధియానాకు చెందిన డాక్టర్ అజిత్ సూద్ ఆధ్వర్యంలో జరిగింది, 2009లో అచ్చయింది. జబ్బు కొద్దిగా నుంచి ఓ మోస్తరుగా ఉన్న 147 మందిని తీసుకున్నారు. 12 వారాలకు మిశ్రమం వాడినవాళ్లలో 42.9 శాతం మందికి జబ్బు అణిగింది, ఉత్తుత్తి పొడి (పోలిక కోసం ఇచ్చే, మందు లేని ప్లాసిబో) తీసుకున్నవాళ్లలో 15.7 శాతానికే. ఈ మోతాదు గుర్తుపెట్టుకోండి, నాలుగో మెట్టులో పని పడుతుంది: ఒక్కో డోసుకి 3.6 లక్షల కోట్ల బ్యాక్టీరియా, రోజుకు రెండుసార్లు. రాష్ట్ర బడ్జెట్ అంకెలా ఉంది కదూ.

ఇక పౌచ్ ఉన్నవాళ్లు. మందులకు లొంగక పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరతోనే లోపల ఒక సంచిలా (పౌచ్) కుట్టిన వాళ్లలో కొందరికి ఆ సంచి మాటిమాటికీ వాస్తుంది, దాన్నే పౌచైటిస్ అంటారు. ప్రోబయోటిక్స్ అన్నిటికన్నా బాగా రాణించింది ఇక్కడే. 2000లో ఇటలీ డాక్టర్లు 40 మంది మీద చేసిన ట్రయల్‌లో, ముందు యాంటీబయోటిక్‌తో తగ్గించి ఆ తర్వాత తొమ్మిది నెలలు ఈ ఎనిమిది రకాల మిశ్రమం ఇస్తే 20 మందిలో ముగ్గురికే తిరగబెట్టింది, ఉత్తుత్తి మందు ఇచ్చిన 20 మందిలో అందరికీ తిరగబెట్టింది. చిన్న ట్రయలే, అయినా ఇంత తేడా అరుదు.

క్రోన్స్ ఉన్నవాళ్లకి చెప్పడానికి మంచి కబురు లేదు. శాకరోమైసిస్ బౌలార్డీ అనే ఈస్ట్‌ని ఏడాదిపాటు 165 మంది మీద పరీక్షించి 2013లో ఫలితాలు ప్రచురిస్తే, ఉత్తుత్తి మందుకీ దానికీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మిగతా రకాలతోనూ గట్టి ఫలితం రాలేదు. మీది క్రోన్స్ అయితే ఈ డబ్బు మందులకో, మంచి తిండికో పెట్టుకోండి. సిగరెట్ అలవాటుంటే మానేయండి, ఏ ప్రోబయోటిక్ కన్నా దాంతోనే ఎక్కువ లాభం.

అమెరికా గ్యాస్ట్రోఎంటరాలజీ సంఘం 2020లో ఇచ్చిన సూచనలు ఇంకా కటువుగా ఉన్నాయి. పౌచైటిస్‌కి ఎనిమిది రకాల మిశ్రమం వాడొచ్చంది గానీ, అల్సరేటివ్ కొలైటిస్‌కైనా క్రోన్స్‌కైనా ట్రయల్స్‌లో తప్ప వాడొద్దంది. మీ డాక్టరు "అవసరం లేదండీ" అంటే ఆయనకు తెలియక కాదు, ఈ సూచన ప్రకారమే అని ఉండొచ్చు.

3. డాక్టరుతో మాట్లాడకుండా మొదలుపెట్టకూడని వాళ్లు

"పెరుగులో ఉండే బ్యాక్టీరియానే కదా, ఏం చేస్తుంది" అనే మాట అన్ని వేళలా చెల్లదు. నెదర్లాండ్స్‌లో క్లోమం తీవ్రంగా వాచిన 298 మందికి మేలు చేస్తుందనే ఆశతో ప్రోబయోటిక్ ఇస్తే, అది తీసుకున్నవాళ్లలో 16 శాతం మంది, తీసుకోనివాళ్లలో 6 శాతం మంది చనిపోయారు. 2008లో వచ్చిన ఈ ఫలితం డాక్టర్లనే ఉలిక్కిపడేలా చేసింది. అది వేరే జబ్బే, కానీ బాగా నీరసించిన ఒంట్లోకి కోట్ల బ్యాక్టీరియాను పంపడం ఆటలు కాదని దాంతో తెలిసింది.

ఐబీడీలో జాగ్రత్త ఎవరికంటే: ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రంగా జబ్బు ఉన్నవాళ్లు, మెడలోనో ఛాతీలోనో పెద్ద రక్తనాళంలోకి గొట్టం (సెంట్రల్ లైన్) పెట్టినవాళ్లు, తెల్ల రక్తకణాలు బాగా పడిపోయినవాళ్లు, పెద్ద మోతాదులో స్టెరాయిడ్లతో పాటు అజథయోప్రిన్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు కలిపి వాడుతున్నవాళ్లు. పేగు గోడ పుండ్లతో చిల్లులుగా ఉన్నప్పుడు లాక్టోబాసిల్లస్ రక్తంలోకి చేరిన సందర్భాలు, సెంట్రల్ లైన్ ఉన్నవాళ్లకి బౌలార్డీ ఈస్ట్ రక్తంలోకి పాకిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. అరుదే, కానీ ఉన్నాయి. గర్భిణులు, పిల్లల విషయం కూడా డాక్టరే చెప్పాలి.

ఇంకొకటి, ఇది బండగుర్తు: మెసలమైన్ మానేసి దాని స్థానంలో ప్రోబయోటిక్ వేసుకుంటానని మీ అంతట మీరు నిర్ణయించుకోవద్దు. "మందులు వేడి చేస్తున్నాయి, ఇది నాచురల్" అని మానేసి, నెల రెండు నెలలు బాగానే ఉండి, ఆ తర్వాత రక్త విరేచనాలతో అడ్మిట్ అయ్యే కథలు ప్రతి గ్యాస్ట్రో వార్డులో వినిపిస్తాయి.

4. డబ్బా వెనక చదవండి

ముందు వైపున "50 బిలియన్", "12 స్ట్రెయిన్స్" అని పెద్దక్షరాల్లో ఉంటుంది, అది వదిలేసి వెనక్కి తిప్పండి. బ్యాక్టీరియా పేరు మూడు భాగాలుగా ఉండాలి: ప్రజాతి, జాతి, చివర ఆ ప్రత్యేక రకాన్ని (స్ట్రెయిన్) చెప్పే గుర్తు. లాక్టోబాసిల్లస్ ర్యామ్నోసస్ జీజీ అన్నప్పుడు ఆ చివరి జీజీయే అసలు ఆధారం. అది లేకుండా ఊరికే లాక్టోబాసిల్లస్ అని రాసి ఉంటే, ట్రయల్‌లో పనిచేసింది అదేనో కాదో మీకు తెలిసే దారి లేదు.

తర్వాత లెక్క. బతికున్న బ్యాక్టీరియా సంఖ్యని సీఎఫ్‌యూ అంటారు. మనకు బాగా తెలిసిన ఎంటెరోజెర్మినా వయల్‌లో 200 కోట్ల బాసిల్లస్ క్లాసై స్పోర్లు ఉంటాయి. యాకుల్ట్ చిన్న సీసాలో 650 కోట్ల లాక్టోబాసిల్లస్ షిరోటా. ఇందాకటి లూధియానా ట్రయల్‌లో ఒక్క డోసు 3.6 లక్షల కోట్లు. యాకుల్ట్‌తో ఆ అంకె అందుకోవాలంటే ఒక్క పూటకి 550 పైచిలుకు సీసాలు తాగాలి. పైగా బ్యాక్టీరియా కూడా వేరే. ఎంటెరోజెర్మినా, ఎకోనార్మ్ లాంటివి చెడ్డవని కాదు, మామూలు విరేచనాలకీ యాంటీబయోటిక్ వల్ల వచ్చే విరేచనాలకీ వాటి వాడకం వాటికుంది. అల్సరేటివ్ కొలైటిస్‌ని అణచడానికి మాత్రం అవి కావు.

వీఎస్‌ఎల్ 3 అని పేరు చూసి కొనేసేముందు ఇంకో గొడవ తెలుసుకోవాలి. దాన్ని తయారుచేసిన ప్రొఫెసర్ డి సిమోన్‌కీ కంపెనీలకీ చెడి, అది కోర్టు దాకా వెళ్లింది. 2016 నుంచి అమెరికాలో అదే పేరుతో అమ్ముతున్నదాని ఫార్ములా వేరు. ట్రయల్స్‌లో వాడిన పాత ఫార్ములా అమెరికాలో విస్‌బయోమ్ అనీ, యూరప్‌లో వివోమిక్స్ అనీ దొరుకుతోంది. అక్కడి నుంచి బంధువులతో తెప్పించుకునేవాళ్లు పేరు కాకుండా "డి సిమోన్ ఫార్ములేషన్" అని ఉందో లేదో చూడమని చెప్పండి. ఇక్కడ కొనేటప్పుడు కూడా ఎనిమిది రకాల పేర్లు, ఒక్కో శాషేలో ఎన్ని కోట్లు, ఎక్స్‌పైరీ తేదీ నాటికి ఎన్ని మిగులుతాయో చూడండి. తయారైన రోజు లెక్క మాత్రమే ఇస్తే దానికి పెద్ద విలువ లేదు.

ఇన్యులిన్, ఎఫ్‌ఓఎస్ అని కూడా చాలా శాషేల్లో కలుపుతారు. బ్యాక్టీరియాకి తిండి అన్నమాట. కానీ జబ్బు ఎగసి ఉన్నప్పుడు కొందరికి దాంతో పొట్ట ఉబ్బి ఊపిరాడనట్టు అవుతుంది. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలంటే అవి లేనిది తీసుకోండి.

కొనేముందే పూర్తి మోతాదుకి నెలకి ఎంతవుతుందో లెక్కేసుకోండి. భరించలేక సగం మోతాదు, రోజు విడిచి రోజు వేసుకోవడం కన్నా మొదలుపెట్టకపోవడమే నయం, ఎందుకంటే ఫలితం రాకపోతే అది మందు తప్పా మోతాదు తప్పా అనేది ఎప్పటికీ తేలదు.

5. మొదలుపెట్టే ముందు రెండు వారాలు రాసుకోండి

ఇది చాలామంది ఎగ్గొట్టే పని, నాకైతే అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఈ జబ్బు దానంతటదే పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, ముందు ఎలా ఉందో రాసి పెట్టుకోకపోతే తగ్గింది శాషే వల్లో కాలం కలిసొచ్చో చెప్పలేం.

అల్సరేటివ్ కొలైటిస్ ఎంత తీవ్రంగా ఉందో కొలవడానికి డాక్టర్లు వాడే మేయో స్కోరులో మనం ఇంట్లో వేసుకోగలిగినవి రెండున్నాయి. విరేచనాల సంఖ్య: మీకు మామూలుగా అయ్యేన్నే అయితే 0, ఒకటి రెండు ఎక్కువైతే 1, మూడు నాలుగు ఎక్కువైతే 2, అయిదు ఆపైన ఎక్కువైతే 3. రక్తం: లేకపోతే 0, సగం కన్నా తక్కువసార్లు చారలుగా కనిపిస్తే 1, ఎక్కువసార్లు స్పష్టంగా పడితే 2, ఒట్టి రక్తమే పడితే 3. దానిపక్కన ఒక ముక్క. "మంగళవారం, 2 + 1, రాత్రి ఒకసారి లేచాను, మధ్యాహ్నం పెళ్లి భోజనం, మోకాలి నొప్పికి డైక్లోఫెనాక్ వేసుకున్నా." అంతే, ఫోన్లో ఒక లైను చాలు. ఆ చివరి మాట ఊరికే రాయలేదు, డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఐబీడీని రేపగలవు.

వీలైతే మొదలుపెట్టే ముందు ఒకసారి ఫీకల్ కాల్‌ప్రొటెక్టిన్ టెస్టు చేయించండి. ల్యాబు ఇచ్చిన డబ్బాలో కాస్త మలం ఇస్తే పేగులో వాపు ఎంతుందో అంకెలో చెబుతుంది. ఆ అంకె (గ్రాము మలానికి మైక్రోగ్రాముల్లో) 150 లోపు ఉంటే సాధారణంగా జబ్బు అణిగినట్టు లెక్క. కాస్త ఖరీదే, అయినా కొలొనోస్కోపీకి నాలుగు లీటర్ల మందు నీళ్లు తాగడం కన్నా సుఖం. మళ్లీ చేయించేటప్పుడు అదే ల్యాబులో చేయించాలి, ల్యాబు మారితే అంకెలు పోల్చడం కష్టం.

6. వాడే పద్ధతి

చల్లటి నీళ్లలోనో, గది వేడిమిలో ఉన్న మజ్జిగలోనో, పెరుగులోనో కలపండి. వేడి పాలు, కాఫీ, వేడన్నం వద్దు, బ్యాక్టీరియా చచ్చిపోతుంది. సోడాలో కలిపితే పొంగి సగం గ్లాసు బయటే పోతుంది. కలిపిన వెంటనే తాగేయాలి.

మొదటి మూడు నాలుగు రోజులు సగం మోతాదుతో మొదలెట్టి పెంచండి. తొలి వారం గ్యాస్, కడుపులో గుడగుడలు మామూలే. వారం పది రోజులు దాటినా తగ్గకపోతే, లేదా రక్తం ఎక్కువైతే ఆపి డాక్టర్ని అడగండి.

ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచమని రాసి ఉంటే దాన్ని సీరియస్‌గా తీసుకోండి. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో కొరియర్ బండిలో మధ్యాహ్నమంతా ఉడికిన పెట్టె మీ ఇంటికి చేరేసరికి లోపల ఎన్ని బతికున్నాయో దేవుడికే తెలియాలి. ఐస్ ప్యాక్‌తో పంపేవాళ్ల దగ్గరే కొనండి, లేదా ఫ్రిజ్‌లోంచి తీసి ఇచ్చే షాపులో కొని థర్మాకోల్ డబ్బాలో తెచ్చుకోండి. ఇంట్లో ఫ్రిజ్ తలుపు అరలో కాకుండా లోపలి అరలో పెట్టండి.

యాంటీబయోటిక్ వాడాల్సి వస్తే దానికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. బౌలార్డీ ఈస్ట్ కాబట్టి యాంటీబయోటిక్ దాన్ని ఏం చేయదు, ఫంగస్ మందులు మాత్రం చంపేస్తాయి.

ప్రోబయోటిక్ వాడి చూసే ఈ 12 వారాలూ కొత్త డైట్, కొత్త ఆయుర్వేద మందు, కొత్త యోగా క్లాసు అన్నీ ఒకేసారి పెట్టుకోకండి. ఒకటి మార్చండి, మిగతాది అలాగే ఉంచండి.

7. మరి పెరుగు, మజ్జిగ, తరవాణి?

తినండి, పడితే. పెరుగులో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది, అయితే మీ ఇంటి తోడులో ఏ రకం ఎంతుందో ఎవరూ కొలవలేదు, అందుకే దాన్ని ఆహారంగా చూడండి, మందుగా కాదు. మజ్జిగ పులుసు మరిగించాక అందులో బ్యాక్టీరియా బతకదు. ఇడ్లీ, దోశ పిండి ఎంత పులిసినా ఆవిరికీ పెనానికీ అదే గతి, కాకపోతే కడుపుకి తేలిగ్గా ఉంటాయి, ఆ మేలు అలాగే ఉంది. తాలింపు మజ్జిగ అయితే పోపు చల్లారాక కలిపితే చాలా వరకు మిగులుతాయి.

జబ్బు ఎగసినప్పుడు కొందరికి పాలచక్కెర అరగదు, అప్పుడు పెరుగు కూడా తగ్గించాల్సి రావచ్చు. తరవాణి, చద్దన్నం ఇష్టమైతే రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు శుభ్రత విషయంలో రాజీ పడొద్దు: కాచి చల్లార్చిన నీళ్లు, కడిగిన కుండ, మర్నాడు పొద్దున్నే తినేయడం. ఆవకాయ పులిసిందే కదా అని లాగించేవాళ్లకి చెప్పేదేమంటే, అంత ఉప్పులో, నూనెలో, కారంలో మీ పేగుకి ఒరిగేదేమీ లేదు.

8. పన్నెండు వారాలకి లెక్క తేల్చండి

మొదలుపెట్టిన రోజే క్యాలెండర్‌లో 12 వారాల తర్వాతి తేదీకి గుర్తు పెట్టుకోండి. ఆ రోజు మీ డైరీలోని మొదటి రెండు వారాలనీ చివరి రెండు వారాలనీ పక్కపక్కన పెట్టి చూడండి, కాల్‌ప్రొటెక్టిన్ మళ్లీ చేయించండి. స్కోరు తగ్గి, అంకె కూడా తగ్గితే కొనసాగించడం గురించి డాక్టరుతో మాట్లాడండి. హాయిగా అనిపిస్తోంది గానీ కాల్‌ప్రొటెక్టిన్ అలాగే ఉందంటే లోపల వాపు తగ్గలేదు, అప్పుడు అసలు మందు మోతాదు చూడాలి. ఏ మార్పూ లేకపోతే ఆపేయండి, "ఇంకో నెల చూద్దాం" అని సాగదీయకండి.

ఈలోగా రోజుకు ఆరు అంతకన్నా ఎక్కువసార్లు రక్త విరేచనాలై, దానితో పాటు 100 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి జ్వరమో, నాడి నిమిషానికి 90 పైనో, హిమోగ్లోబిన్ 10.5 కన్నా తక్కువో ఉంటే అది తీవ్రమైన దశ. శాషే పక్కన పెట్టి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి జబ్బు ఎగసిందంటే, ముఖ్యంగా ఈమధ్య యాంటీబయోటిక్ వాడి ఉంటే, క్లోస్ట్రిడియం డిఫిసిల్ ఇన్ఫెక్షన్ కోసం మల పరీక్ష చేయించమని అడగండి. అది ఐబీడీలాగే కనిపిస్తుంది, మందు మాత్రం వేరు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ ఫోన్ డైరీతో పాటు ఖాళీ అట్టపెట్టె కూడా బ్యాగులో వేసుకెళ్లండి. "ఏదో నీలం రంగు శాషే అండీ" అంటే ఆయనకి ఏమీ అర్థం కాదు.